సెలవు మీది, ఊరు మారింది అందరికీ

ప్రశ్న: నా వయసు 41. చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాక, ఎప్పటి నుంచో మనసులో ఉన్న నవల రాసుకుందామని ఏడాది పాటు జీతం లేని సెలవు పెట్టాను. సముద్రం పక్కన ఇల్లు అద్దెకు తీసుకుని అందరం వచ్చేశాం. మావారు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు. 13 ఏళ్ళ పాప, 6 ఏళ్ళ బాబు ఆన్‌లైన్‌లో చదువుకుంటున్నారు. 5 నెలలు గడిచాయి. నవల సగం కూడా కాలేదు. రాసుకునేటప్పుడు పిల్లలు తలుపు కొడితే కోపం వస్తుంది. వాళ్ళతో బీచ్‌లో ఉంటే నవలే గుర్తొస్తుంది. మావారు రోజూ సాయంత్రం "ఎంతవరకు వచ్చింది?" అంటారు, నేను విసుక్కుంటాను. పోయిన వారం పాప "నీ కథలో వాళ్ళ గురించి ఆలోచించినంత కూడా మా గురించి ఆలోచించవు" అనేసింది. అదే వారం బాబు ఎవరికీ చెప్పకుండా ఒక్కడే నీళ్ళ దాకా వెళ్ళిపోయాడు. నేను చూస్తున్నానని ఆయన అనుకున్నారు, ఆయన చూస్తున్నారని నేను అనుకున్నాను. ఏమీ కాలేదు గానీ ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నీ సరదా కోసం పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టావు" అంటోంది. నేను స్వార్థపరురాలినా? అన్నీ సర్దుకుని వెనక్కి వెళ్ళిపోవడమే మంచిదా?

జవాబు: ముందు బాబు సంగతి మాట్లాడుకుందాం. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజే తేలాలి.

మీ ఇద్దరికీ పిల్లల మీద ధ్యాస లేక అలా జరగలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరు ఉన్నారన్న ధీమానే అక్కడ దెబ్బ తీసింది. ఒక్కరే ఉంటే "ఎవరు చూస్తున్నారు?" అన్న ప్రశ్నే రాదు. ఇద్దరున్నప్పుడు నోరు తెరిచి చెప్పుకోవాలి. ఇకనుంచి ఒకరు "బాబు ఇప్పుడు నా దగ్గర" అనాలి, రెండోవాళ్ళు అది విని "సరే" అనాలి. ఆ "సరే" వినిపించేదాకా మొదటివాళ్ళ బాధ్యత పోనట్టే. మొదట్లో కాస్త కృత్రిమంగా అనిపిస్తుంది, కొన్నాళ్ళకు అలవాటవుతుంది. ఆ మాట అన్నవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు, చెవిలో ఆఫీసు మీటింగ్ ఉండకూడదు. పాపకి ఈ బాధ్యత ఇవ్వకండి. 13 ఏళ్ళ పిల్ల తమ్ముణ్ణి ఇంట్లో కాసేపు ఆడించగలదు గానీ నీళ్ళ దగ్గర కాపలా ఉండలేదు. ఏదైనా జరిగితే ఆ భారం దాని మీద జీవితాంతం ఉంటుంది.

నీళ్ళలో మునిగిపోయే పిల్లలు కేకలు పెడతారని, చేతులు ఊపుతారని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ఊపిరి అందని పిల్లాడు అరవలేడు. పక్కనే ఉన్నవాళ్ళకి కూడా తెలియకుండా నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ఆరేళ్ళవాడు నీళ్ళలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. ఇసుక మీద కూర్చుని చూడటం సరిపోదు. ఇంకో విషయం మీరూ, మీవారూ, పాపా ముగ్గురూ తెలుసుకోవాలి. పక్కపక్కన అలలు విరుగుతూ, మధ్యలో ఒకచోట నీళ్ళు నిదానంగా కనిపిస్తే అది దిగడానికి మంచి చోటని అనిపిస్తుంది. ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహం చాలాసార్లు అక్కడే ఉంటుంది. అందులో చిక్కుకున్నవాళ్ళు ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదు. తేలుతూ ఉండి, చెయ్యెత్తి సాయం అడగాలి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. కాపాడటానికి ఉత్త చేతులతో దూకకుండా, తేలే వస్తువేదైనా విసరాలి. కాపాడబోయి మునిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. దిగేముందు అక్కడి లైఫ్‌గార్డులనో, సముద్రం తెలిసినవాళ్ళనో అడిగి ఏ చోట దిగకూడదో తెలుసుకోండి. ఇంటి గేటుకి, వెనక తలుపుకి బాబుకి అందని ఎత్తులో గడియలు పెట్టించండి.

ఇక మీ సంగతి. బాబు విషయంలో జరిగిందే ఆ ఇంట్లో మిగతా అన్ని విషయాల్లోనూ జరుగుతోందని మీ ఉత్తరం చదువుతుంటే నాకు అనిపించింది. మీరు ఎప్పుడు రాస్తున్నారో, ఎప్పుడు ఖాళీగా ఉన్నారో ఎవరికీ తెలియదు. మీకే తెలియడం లేదు. గదిలో కూర్చుంటే చెవులు పిల్లల మీద, ఇసుకలో కూర్చుంటే మనసు గదిలో. పొద్దున్నుంచి రాత్రి దాకా రోజంతా నవలదే అన్నట్టు ఉంది, అయినా నవలకి కావలసిన సమయం దొరకడం లేదు. పిల్లలు తలుపు ఎందుకు కొడతారు? ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియక. అమ్మ ఫలానా వేళకి బయటికి వస్తుందని నమ్మకం కలిగితే ఆరేళ్ళవాడు కూడా ఆగుతాడు. ఆ వేళకి అమ్మ నిజంగా వచ్చి తీరాలి, అంతే.

రోజుకి ఎన్ని గంటలు రాయాలి? మీరు అనుకుంటున్నదానికన్నా తక్కువే. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునేవాళ్ళ మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. అందరికన్నా బాగా వాయించేవాళ్ళు ఒంటరిగా చేసే సాధన రోజుకి సగటున మూడున్నర గంటలు. దాన్ని కూడా ఒకేసారి కాకుండా మధ్యలో విరామాలిస్తూ చేసేవారు, మధ్యాహ్నం కునుకు కూడా తీసేవారు. నవల రాయడం వయొలిన్ వాయించడం ఒకటే అని నేననడం లేదు. కానీ మనసంతా పెట్టి చేసే పని ఏదైనా రోజులో అంతకు మించి సాగదీయడం కష్టమే. కాబట్టి మీకు పొద్దున మూడు గంటలు చాలు. ఆ మూడు గంటలూ పూర్తిగా మీవి. ఆ వేళలో బాబుకి పాలు కావాలన్నా, పాప పాఠం ఆగిపోయినా, గ్యాస్ అయిపోయినా మీవారే చూసుకోవాలి. ఆయన ఉద్యోగం వేళలు దానికి సరిపడకపోతే ఆ మూడు గంటలకి నమ్మకమైన మనిషిని పెట్టుకోండి. ఖర్చు అనుకోకండి. ఏడాది జీతం వదులుకుని వచ్చిన పని ఇది, దాన్ని కాపాడుకునే ఖర్చు అన్నింటికన్నా ముందు వస్తుంది.

మూడు గంటలు అయ్యాక లేవండి. వాక్యం మధ్యలో ఉన్నా లేవండి. కష్టమంతా ఇక్కడే ఉంటుందని నాకు తెలుసు. లేచినా మనసు లేవదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని గురించే రాశారు. ఒక పని పూర్తికాకుండా ఇంకో పనిలోకి వెళితే ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని సరిగ్గా సాగదు. మీరు బీచ్‌లో పడుతున్న అవస్థ అదే. అది మీ ప్రేమలో లోపం కాదు, అందరి మనసూ అలాగే పనిచేస్తుంది. దానికి తేలికైన ఉపాయం కూడా ఆవిడ తర్వాతి పరిశోధనలోనే ఉంది. పని ఆపేముందు ఎక్కడ ఆగారో, మళ్ళీ కూర్చున్నప్పుడు మొదట ఏం చేయాలో ఒక కాగితం మీద రాసుకోవాలి. "రేపు: అన్న ఉత్తరం చింపేస్తాడు, వదిన చూస్తుంది" అన్నట్టుగా రెండు ముక్కలు చాలు. కాగితం మీద పెట్టేశాక మనసు దాన్ని పట్టుకుని వేలాడటం చాలావరకు తగ్గుతుంది. ఉప్పుగాలికి, తేమకి కాగితాలు ముద్దవుతాయి, కంప్యూటర్లు తొందరగా పాడవుతాయి. రాసిన దానికి ఇంకో కాపీ ఆన్‌లైన్‌లో రోజూ దాచుకోండి. రాసిందంతా పోగొట్టుకుని కుంగిపోయిన రచయితలున్నారు, మీకు ఆ గతి పట్టకూడదు.

ఇప్పుడు పాప గురించి. ఆ మాట మిమ్మల్ని ఎంత గుచ్చిందో అర్థమవుతోంది. కానీ దయచేసి దానికి జవాబు చెప్పబోకండి. "మీ కోసమే కదా సముద్రం దగ్గరికి వచ్చాం", "ఇంత మంచి చోటు ఎంతమందికి దొరుకుతుంది?" లాంటివి అస్సలు అనొద్దు. మీకు ఇది కల నిజమైన ఏడాది. ఆ పిల్లకి ఇది స్నేహితులు లేని ఏడాది. 13 ఏళ్ళ వయసులో స్నేహితులంటే కాలక్షేపం కాదు. తానెవరో తెలుసుకునేది వాళ్ళ మధ్యనే. తను లేని క్లాసులో కొత్త జట్లు కడుతున్నారు, కొత్త జోకులు పుడుతున్నాయి, అవన్నీ ఫోన్‌లో చూస్తూ కూర్చుంటోంది. పైగా ఈ ఊరు మారడం గురించి దాన్ని ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. "వచ్చేశాం" అని రాశారు. మీరిద్దరూ నిర్ణయించుకుని పిల్లల్ని తీసుకొచ్చారనే అనుకుంటున్నాను. తప్పు పట్టడం లేదు, చాలా ఇళ్ళలో జరిగేది అదే. కానీ దాని కోపం నవల మీద కాదు, అడగకుండా తీసుకొచ్చినందుకు.

ఒకరోజు సాయంత్రం బాబుని మీవారికి అప్పగించి (నోటితో చెప్పి మరీ అప్పగించి) పాపతో నడవడానికి వెళ్ళండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి "మాట్లాడుకుందాం రా" అంటే ఆ వయసు పిల్లలు బిగుసుకుపోతారు. పక్కపక్కన నడుస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. మీరు చెప్పాల్సింది ఇంతే: "ఆ రోజు నువ్వన్నది నిజమే. ఇక్కడికి రావడం గురించి నిన్ను అడగలేదు. నీకు ఏం పోయిందో నాకు చెప్పు." తర్వాత నోరు కట్టేసుకోండి. అది ఏడ్చినా, అరిచినా, ఏమీ మాట్లాడకపోయినా సరిదిద్దకండి. ఆ నడకలో నవల కోసం కొత్త ఆలోచనలు వస్తాయి, అది మామూలే. నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువ వస్తాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ప్రయోగాలు చేసి చూపించారు కూడా. వచ్చినా ఫోన్ తీసి రాసుకోకండి. ఆ పిల్ల ముందు ఒక్కసారి ఫోన్ తీశారంటే అది అన్న మాట నిజమని మీరే ఒప్పుకున్నట్టు. మంచి ఆలోచన అయితే ఇంటికొచ్చేదాకా ఉంటుంది.

తర్వాత దానికి కావలసినవి కొన్ని ఇవ్వండి. సెలవుల్లో దాని ప్రాణస్నేహితురాలిని వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడి వారం రోజులు మీ ఇంటికి రప్పించండి. మిగిలిన నెలల్లో కనీసం ఒకసారి పాపని పాత ఊరికి తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉంచండి. అప్పుడు మీరు రాయకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో దానికంటూ ఒక మూల, తలుపు కొట్టకుండా ఎవరూ రాకూడని చోటు ఉండాలి. మీ తలుపుని గౌరవించమని పిల్లల్ని అడుగుతున్నప్పుడు వాళ్ళ తలుపుని మీరూ గౌరవించాలి కదా. ఇష్టపడితే ఆటుపోట్ల లెక్క దానికి అప్పగించండి. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది, అందుకే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. ఏ పూట నడవడానికి ఇసుక ఉంటుందో, ఏ పూట ఉండదో చూసి ఇంటి కార్యక్రమం పాప చెబితే, ఈ ఏడాదిలో దాని మాటకీ చోటు దొరుకుతుంది. ఇష్టం లేదంటే వదిలేయండి. బలవంతంగా సముద్రాన్ని ప్రేమింపజేయలేం.

మీవారు మంచి మనిషిలా కనిపిస్తున్నారు. అయినా ఆయన ప్రశ్న మిమ్మల్ని చికాకు పెడుతోంది, ఎందుకంటే ఆ ప్రశ్నలో మీకు లెక్క వినిపిస్తోంది. ఎన్ని పేజీలు, ఎన్ని నెలలు, ఎంత డబ్బు. కొంత నిజంగానే లెక్క అయి ఉండొచ్చు. ఒక్క జీతంతో ఇల్లు నడుపుతున్న మనిషికి భయం ఉండదా? ఆ భయాన్ని "ఎంతవరకు వచ్చింది?" అన్న మాట వెనక దాచుకోవాల్సిన అవసరం లేకుండా చేయండి. నెలకోసారి ఒక రోజు అనుకుని, పిల్లలు పడుకున్నాక, బ్యాంకులో ఎంత ఉంది, ఎన్నాళ్ళు వస్తుంది అనేది ఇద్దరూ కూర్చుని చూసుకోండి. మిగతా రోజుల్లో ఆ ప్రసక్తి వద్దు. పేజీల లెక్క కూడా ఆయన్ని అడగొద్దని చెప్పండి, కానీ బదులుగా ఏం అడగాలో కూడా చెప్పండి. "ఈ రోజు నీ మనుషులు ఏం చేశారు?" అని అడిగితే మీకు చెప్పబుద్ధి వేస్తుంది. ఆయన మీ నవల లోపలికి రావాలని చూస్తున్నారు, తలుపు ఎక్కడుందో తెలియక కిటికీ కొడుతున్నారు.

అలాగే ఆయనకి కూడా ఆ ఊళ్ళో తనదైన గంట ఒకటి ఉందా? ఆఫీసు పని, వంట, పిల్లలు, మధ్యలో మీ మూడ్ కనిపెట్టుకుని తిరగడం. ఇదే ఆయన ఏడాది అయితే, సముద్రం మీకే తప్ప ఆయనకి లేనట్టే. సాయంత్రాల్లో కొన్ని ఆయనకి ఇవ్వండి. ఆ వేళ పిల్లలిద్దరూ మీ దగ్గర, ఆయన ఎక్కడికి వెళ్ళారని అడగకండి.

అమ్మగారి మాట. ఇదే సెలవు మీవారు పెట్టి, ఆయన నవల రాస్తూ, మీరు వంటా పిల్లలూ చూసుకుంటుంటే "నీ సరదా" అని ఆయన్ని ఎవరూ అనేవారు కాదు. ఎంత గొప్ప త్యాగం చేసి వచ్చాడో అనేవారు. తల్లి తనకోసం గంట కేటాయించుకుంటే పిల్లల నోటి దగ్గరిది లాక్కున్నట్టు చూడటం పెద్దవాళ్ళకి అలవాటు. వాళ్ళు కూడా అలాంటి మాటలు పడే పెరిగారు. ఆవిడతో వాదించకండి. "పిల్లలు బాగున్నారమ్మా, ఆదివారం వాళ్ళతో మాట్లాడిస్తాను" అని చెప్పి ఆపేయండి. మీరు స్వార్థపరురాలు కాదు. ఒక పని చేయాలని ఏళ్ళ తరబడి కోరుకుని, దానికోసం జీతం వదులుకుని, ఇప్పుడు ప్రతి నిమిషం పిల్లల గురించి తపన పడే మనిషిని స్వార్థపరురాలని ఎలా అంటాం? మీరు చేసిన పని సరైనదే. దానికి వేళ పెట్టుకోలేదు, అంతే.

నవల సగం కాలేదన్న బెంగ గురించి ఒక్క మాట. మొదటి నవలకి మొదటి ఐదు నెలల్లో సగం కాకపోవడం వింతేమీ కాదు. సెలవు అయిపోయే రోజుకి పుస్తకం పూర్తవ్వాలని పెట్టుకున్న గడువు ఎవరు పెట్టారు? మీరే అయితే మీరే మార్చండి. మిగిలిన ఏడు నెలల్లో తప్పులతో, ఖాళీలతో అయినా సరే చివరి అధ్యాయం దాకా ఒక ప్రతి రాయడం లక్ష్యంగా పెట్టుకోండి. దిద్దుకోవడం ఉద్యోగంలో చేరాక కూడా రోజుకో గంట చొప్పున చేసుకోవచ్చు. ఏమీ లేని చోట మొదటిసారి కథని నిలబెట్టడానికే ఇలాంటి సెలవు కావాలి. చివరి నెలని మాత్రం రాయడానికి లెక్కపెట్టకండి. స్కూల్లో మళ్ళీ చేర్పించడం, ఇల్లు ఖాళీ చేయడం, పాప మనసు మళ్ళీ క్లాసుకి సర్దుకోవడం, వీటికే ఆ నెల సరిపోతుంది.

వెనక్కి వెళ్ళిపోవాలా అన్నారు. ఇప్పుడే వద్దు. భయంలో, నిద్రలేమిలో తీసుకునే నిర్ణయం అది. ఇప్పుడు వెళ్ళిపోతే పాప "నా వల్లే అమ్మ నవల ఆగిపోయింది" అనుకుంటుంది, ఆ బరువు దానికి వద్దు. ఒక నెల పాటు పైన చెప్పినట్టు నడిపి చూడండి. నెల చివర నలుగురూ కూర్చుని, పాప మాటకి మీ మాటతో సమానమైన విలువ ఇచ్చి తేల్చుకోండి. ఒక విషయంలో మాత్రం నెల ఆగొద్దు. పాప రెండు వారాలకు పైగా సరిగ్గా నిద్రపోకపోతే, తిండి తగ్గిస్తే, స్నేహితులతో ఫోన్లో మాట్లాడటం కూడా మానేస్తే, ఇష్టమైన పనులేవీ ముట్టుకోకపోతే డాక్టరుకి చూపించండి. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా అంటే, కోపంలో అన్నా సరే, తేలిగ్గా తీసుకోకుండా ఆ రోజే తీసుకెళ్ళండి. అప్పుడు ఊరు మారాల్సి వస్తే మారండి. ఆ తిరుగు ప్రయాణం ఓటమి కాదు. మీ నిద్ర కూడా ఇంకో రెండు వారాలకి కుదుటపడకపోతే మీరూ డాక్టరుని కలవండి. బాబు నీళ్ళ దగ్గర నిలబడ్డ దృశ్యం కళ్ళ ముందుకి పదేపదే వస్తుంటే దాన్ని ఒంటరిగా మోయకండి, మీవారితో చెప్పుకోండి. ఆయనకీ అదే దృశ్యం వస్తూ ఉండొచ్చు. ఆ రోజు గురించి మీరిద్దరూ ఒకరినొకరు నిందించుకోకుండా ఇంతవరకు ఒక్కసారైనా మాట్లాడుకున్నారా? లేదంటే ఈ వారంలో మొదట ఆ పని చేయండి, బాబు జాగ్రత్తలు తప్ప నా మిగతా సలహాలన్నీ దాని తర్వాతే.

బాబుకి ఈత నేర్పించడం కూడా మొదలుపెట్టండి. సముద్రంలో కాదు, కొలనులో, నేర్పడం తెలిసినవాళ్ళ దగ్గర. ఈత వచ్చాక కూడా పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే. పాపకి ఈత రాకపోతే తననీ చేర్పించండి. మీకూ మీవారికీ రాకపోతే మీరూ చేరండి.